కంబళి కింది ముడి

తెల్లవారేసరికి గాలిలోయ మీద వంతెన లేదు. కట్టుబండకు మూరెడు తాడు ముక్క మాత్రం వేలాడుతోంది, దాని చివర కత్తిగాటు ఉంది.

తాళ్ళదళం నాయకుడు రేచన బండ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. మూడు పేటలు పెనవేసిన నారతాడు. ఏనుగు లాగినా తెగనిది. అందులో రెండు పేటలు వంకాయ తరిగినట్టు నున్నగా తెగి ఉన్నాయి. మూడోది మాత్రం పీచులు పీచులుగా, చిక్కుపడ్డ జుట్టులా విడిపోయి ఉంది. రెండు కోసేసరికి ఏదో అలికిడై దొంగ పారిపోయి ఉంటాడనీ, మూడోది వంతెన బరువుకు తనంతట తానే తెగి ఉంటుందనీ అనుకున్నాడు రేచన. ముడి మాత్రం బండను కరచుకుని అలాగే ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు.

అతను తల ఎత్తి చూశాడు. లోయకు ఆవల, నల్లరాతి బురుజులను మబ్బుల్లోకి పొడుచుకుని కాకశిల కోట నిలబడి ఉంది. ఉదయపు ఎండ ప్రపంచమంతా పడుతున్నా ఆ కోటగోడల మీద మాత్రం మసి పూసినట్టు చీకటి. అది మాంత్రికుడు కాలజంఘుడి నివాసం. కోట ముంగిట ఏడు రాతి విగ్రహాలు. ఏడుగురూ ఒకప్పుడు రక్తమాంసాలున్న రాకుమారులే. ఎనిమిదో పీఠం మీద కనకశృంగ యువరాజు మణికంధరుడు గొలుసులతో బంధించి ఉన్నాడు. పొద్దు వాలి కోట పెద్దబురుజు నీడ అతని పాదాలను తాకిందంటే ఆ పాదాలు రాయవుతాయి. ఆ నీడ ఇవాళే తాకుతుంది.

వెనకనుంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. దండనాథుడు శూరభల్లటుడు, మీసాలకు సాంబ్రాణి పట్టించుకుని మరీ యుద్ధానికి వచ్చే మనిషి, గుర్రం దిగకుండానే అడిగాడు.

"ఏం రేచనా, ముడి జారిందా?"

"జారలేదు దొరా. ఎవరో కోశారు."

"ఎవరు?"

"రాత్రంతా శిబిరం చుట్టూ మీ కావలి ఉంది. బయటివాడు రాలేదు. మెలిక నీడలో, బిగువంతా పడేచోట చూసి మరీ కోశారు. ఈ ముడి గుట్టు తెలిసినవాళ్ళ పనే ఇది."

"ఆ గుట్టు ముడిపెద్ద బుక్కన ఒక్కడికే కదా తెలిసేది?"

పొయ్యి దగ్గర నిప్పు రాజేస్తున్న తిప్పడు, ఎద్దులాంటి మనిషి, నోట్లో మాట దాచుకోవడం చేతకానివాడు, మెల్లగా లేచాడు.

"మా అందరికీ తెలుసండి దొరా. నేనైతే కళ్ళు మూసుకుని కట్టేస్తా."

శూరభల్లటుడి మొహం జేవురించింది.

కనకశృంగ రాజ్యంలో తాళ్ళదళానికి ఒక కట్టుబాటు ఉంది. ఒక చేయి, ఒకే పని. విలుకాడు విల్లు తప్ప ముట్టుకోడు, బరువులు మోసేవాడు బరువులే మోస్తాడు, వంటమనిషి పొయ్యి దాటి రాదు. వంతెనను బండకు బిగించే చివరి ముడి ముడిపెద్ద సొత్తు. అతను నల్ల కంబళి కప్పుకుని, ఆ కంబళి కింద చేతులు దాచుకుని ఆ ముడి వేస్తాడు. చనిపోయే ముందు ఒక్క శిష్యుడి చెవిలో మాత్రం చెబుతాడు. పోయినేడు బుక్కనకు విషజ్వరం వచ్చినప్పుడు ముడి వేసేవాడు లేక మూడువేల సైన్యం పన్నెండు రోజులు ఏటి ఒడ్డున కూర్చుంది. ఆవలి ఒడ్డున రెండు ఊళ్ళు తగలబడుతుంటే చూస్తూ కూర్చుంది. ఆ ఊళ్ళలో ఒకటి రేచనది.

దళానికి నాయకుడైన మర్నాడే రేచన చేతుల మార్పు పెట్టాడు. ఎనిమిది రోజులకోసారి ఎవరి పని వారిది కాదు. విలుకాడు అయ్యలు సంకటి కెలికాడు. బరువులు మోసే తిప్పడు విల్లు పట్టాడు. రేచన అంట్లు తోమాడు. అయ్యలు మాడ్చిన సంకటిని ముందు తానే తిని, "ఉప్పు సరిపోయింది," అన్నాడు తప్ప మరో మాట అనలేదు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చారు. అయ్యలు సిగ్గుపడి ఆ తర్వాత మూడుసార్లు చెంగల్వను బతిమాలి మరీ నేర్చుకున్నాడు. అయినా ఇప్పటికీ మాడుస్తూనే ఉన్నాడు.

ఆ చెంగల్వ దళానికి వంటమనిషి. పాతికేళ్ళ పిల్ల. బుక్కన ముడి కట్టడం ఎవరూ చూడకూడదు గానీ, పని అయిపోయాక ఆ ముడి విప్పడం మాత్రం వంటమనిషికి అప్పగించిన చాకిరీ. విప్పేవాళ్ళను ఎవరు పట్టించుకుంటారు? నాలుగేళ్ళు విప్పి విప్పి, ఆ ముడిని వెనకనుంచి ముందుకు నేర్చేసుకుంది. ఒకరోజు ఉట్టితాడుతో ఆ మెలిక వేస్తూ రేచనకు దొరికిపోయి, తల తెగినట్టే అనుకుంది. రేచన ఆమె పక్కన చతికిలబడి అడిగింది ఒకటే. "ఈ కొస ఎటునుంచి రావాలి?"

అలా నాయకుడికి ఆమె నేర్పింది. నాయకుడు చెప్పగా మిగతా ఇద్దరికీ నేర్పింది.

"ఒక్కడికే తెలిస్తే ఒక్కడే దొంగ!" అన్నాడు శూరభల్లటుడు గుర్రం దిగి, కత్తి మీద చేయి వేసి. "ఐదుగురికి పంచిపెట్టి ఐదుగురు దొంగల్ని తయారుచేశావు. ఇప్పుడెవణ్ణని పట్టుకోవాలి? ముందు ఆ వంటపిల్లను కట్టండి. పొయ్యి దగ్గర ఉండాల్సిన చేయి తాడు మీదకు వచ్చినప్పుడే తెలిసిపోయింది."

ఇద్దరు భటులు ముందుకు కదిలారు. రేచన లేచి చెంగల్వకూ వాళ్ళకూ మధ్య నిలబడ్డాడు.

"ఆగండి. వంతెన మళ్ళీ కట్టాలి. ఆమె చేతులు నాకు కావాలి."

"ఇది దండనాథుడి ఆజ్ఞ!"

"లోయ అంచు నుంచి పది బారల వరకూ ఆజ్ఞ నాది. అది కూడా మీ కట్టుబాటే దొరా. యుద్ధంలో తాళ్ళ దగ్గర తాళ్ళనాయకుడి మాటే చెల్లాలని రాసి ఉంది. ఆ ఒక్కటీ మాత్రం ఎందుకు మరిచిపోవడం?"

"నీ తల తీయిస్తాను!"

"తీయించండి. పొద్దువాలాక తీరిగ్గా ఇస్తాను. ఇప్పుడు పని ఉంది."

తిప్పడు పకాలున నవ్వి, దండనాథుడి చూపు తగలగానే దగ్గులోకి దింపాడు.

అంతవరకూ బండకు ఆనుకుని కూర్చున్న బుక్కన లేచాడు. తెల్లటి గడ్డం, ఎండిన చింతబరికెలాంటి ఒళ్ళు. డెబ్భై ఏళ్ళు దాటినా సన్నతాడు మీద లోయ దాటగల మనిషి. మొన్న దాటాడు కూడా. గాలిలోయలో గాలి నెమ్మదించేది తెల్లవారుజామున ఒక్క గడియ మాత్రమే. దండనాథుడు కళ్ళెదుటే ఉండి కట్టుబాటు తప్పడానికి వీల్లేదన్నందువల్ల, మొదటిరోజు ఆ గడియలో బుక్కన అటు దాటి ఆవలి ముడి వేశాడు. రెండోరోజు అదే గడియలో ఇటు తిరిగివచ్చి ఈవలి ముడి వేశాడు. మూడోరోజు అదే గడియలో నడవడానికి వెదురు దబ్బలు పేర్చారు. ముడి తెలిసిన చేతులు రెండువైపులా ఉంటే ఒక్క పూట పని అది.

"నాయకా," అన్నాడు బుక్కన, "నాకు వదిలెయ్. ఈ లోయ నాకు యాభై ఏళ్ళ చుట్టం."

"కానివ్వు తాతా," అన్నాడు రేచన.

బుక్కన కంబళి కప్పుకుని కొత్తతాడు కొసతో బండ ముందు కూర్చున్నాడు. కంబళి కింద చేతులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఎండ బండ మీదినుంచి నేల మీదకు దిగింది. ఎంతసేపటికో ముసలాయన కంబళి తీశాడు. రేచన సైగ చేస్తే తిప్పడు తాడు పట్టి ఒక్క ఊపు ఊపాడు. ముడి పాములా వదులై జారిపోయి, తిప్పడు వెల్లకిలా పడ్డాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చలి," అన్నాడు బుక్కన. "తెల్లవారుజామున చలికి వేళ్ళు కొయ్యబారాయి."

"అవును తాతా, ఇవాళ చలి ఎక్కువే," అన్నాడు రేచన. "చెంగల్వా, రా. కంబళి అక్కర్లేదు. అందరికీ కనబడేలా కట్టు."

చెంగల్వ ఎండలో, దండనాథుడి కళ్ళముందే ఆ ముడి వేసింది. నాలుగు మెలికలు, ఒక దూకుడు, ఒక బిగింపు. తిప్పడు ఊపాడు. భటులిద్దరు తోడై ఊపారు. బండ కదిలిందేమో గానీ ముడి కదల్లేదు. శూరభల్లటుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, ఓరకంట చూడకుండా ఉండలేకపోయాడు.

ఇక అయ్యలు వంతు వచ్చింది. బాణం చివర ఇనుపకొక్కెం, దానికి పట్టుదారం. వింటినారి చెవిదాకా లాగి వదిలాడు. బాణం సగం లోయ దాటేసరికి కోట బురుజుల మీద ముడుచుకుని కూర్చున్న నల్లటి ముద్దలు రెక్కలు విప్పాయి. ఇనుపముక్కు రాబందులు! ఒకటి బాణాన్ని గాలిలోనే రెండు ముక్కలు చేసింది. రెండో బాణం అంతే. మూడోదీ అంతే.

"తెల్లవారుజామునైతే నిద్రపోతుంటాయి," అన్నాడు అయ్యలు నుదుటి చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు నేను వందేసినా దండగే."

"అన్నా!" పొయ్యి దగ్గరనుంచి తిప్పడు అరిచాడు. "గాలి ఎటు పోతోంది?"

"లోయమీదుగా కోటవైపుకే," అన్నాడు అయ్యలు. " ఎందుకు?"

"ఎందుకేంటన్నా! మొన్న చేతుల మార్పు రోజున నేను తాలింపులో మిరపకాయలు మాడిస్తే, గాలివాటున ఉన్న గుర్రాలన్నీ కట్లు తెంచుకు పారిపోలా? అప్పుడు ఈ చెంగల్వక్క నన్ను ఎన్ని తిట్లు తిట్టిందనీ!"

రేచన కళ్ళు మెరిశాయి. "బస్తాలో ఎన్ని ఉన్నాయి?"

"నెలకు సరిపడా."

"మొత్తం వేసెయ్."

"కూరలోకో?"

"బతికుంటే చప్పిడి కూర తిందాం. వెయ్యరా!"

పచ్చి వేపకొమ్మల మంట మీద బస్తాడు ఎండుమిర్చి కుమ్మరించారు. ఎర్రటి ఘాటు మబ్బులా లేచి లోయ మీదికి దూకింది. నోటికి గుడ్డలు కట్టుకున్నా అందరి కళ్ళూ ధారలు కట్టాయి. దండనాథుడు తుమ్ముతూ తుమ్ముతూ శిరస్త్రాణం పోగొట్టుకున్నాడు. రాబందులు ఆ పొగలోకి రావడమే ఆలస్యం, గింగిరాలు తిరుగుతూ, ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, కోట వెనక్కి పడీ లేచీ పారిపోయాయి. అయ్యలు కన్నీళ్ళతోనే గురి చూశాడు. కొక్కెం ఆవలి గట్టు రాతిపగులులో దిగి బిగుసుకుంది.

పట్టుదారం ఒక్క తేలికైన మనిషిని మాత్రమే మోస్తుంది. ఆ మనిషి అటు దాటి, పెద్దతాడును లాగి, అక్కడ ముడి వెయ్యాలి. గాలి హోరుమంటోంది. రేచన నడుముకు ఉచ్చు బిగించుకోబోయి ఆగాడు. చెంగల్వ దగ్గర నేర్చుకున్న ముగ్గురిలో అతని ముడి మూడో రకం. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"చెంగల్వా, నీకు చెప్పలేను. అడుగుతున్నాను. వెళతావా?"

"పడితే?"

"పడితే నేను జీవితమంతా తిననూ, నిద్రపోనూ. అంతకుమించి మాట ఇవ్వలేను."

"అయ్యలన్న వండింది తినడం కంటే అదే నయంలే నాయకా," అని ఆమె ఉచ్చులోకి కాళ్ళు దూర్చింది. మొహం సున్నంలా తెల్లబడి ఉంది.

గాలి ఆమెను గుడ్డపేలికలా ఎగరేసింది. నట్టనడిమికి వచ్చేసరికి పట్టుదారం విల్లులా వంగి, ఆమె కాళ్ళ కింద నూరు తాటిచెట్ల లోతు నోరు తెరిచింది. పొగ తప్పించుకున్న రాబందు ఒకటి కిందినుంచి దూసుకొచ్చింది. ఆమె ఒంటిచేత్తో వేలాడుతూ నడుమున దోపుకున్న కొడవలి తీసి ఒక్క వేటు వేసింది. నల్లటి ఈకలు లోయనిండా రాలాయి. ఇవతల గట్టు మీద రేచన గోళ్ళు అరచేతుల్లో దిగబడి నెత్తురు వచ్చింది. అయినా "వెనక్కి వచ్చెయ్" అన్న మాట నోట రానివ్వలేదు. ఆమె ఆవలి గట్టు పట్టుకుంది. పెద్దతాడు లాగింది. ముడి వేసింది. చేయి ఊపింది.

ముందు అయ్యలు, తర్వాత తిప్పడు దాటారు. ఎత్తులంటే చచ్చేంత భయమున్న తిప్పడు దారిపొడుగునా కళ్ళు మూసుకుని చెంగల్వను, రేచనను, దండనాథుడి ఏడుతరాలను తిడుతూనే దాటాడు. బుక్కన మాట్లాడకుండా దాటాడు. చివరికి రేచన. గట్టు మీద మిగిలిపోయిన శూరభల్లటుడు ఎర్రబడ్డ కళ్ళతో అరిచాడు. "తిరిగొచ్చాక నీ తల సంగతి మరిచిపోను!"

"తిరిగొస్తామని మీరన్నా నమ్ముతున్నారు. అదే చాలు దొరా!" అని కేక పెట్టాడు రేచన.

ఆవలి గట్టు మీద అడుగుపెట్టగానే కోటలోంచి శంఖం మోగింది. లోయ అడుగునుంచి దానికి బదులుగా వందల గొంతులు ఒక్కసారి గుర్రుమన్నాయి. తిప్పడు అంచునుంచి తొంగిచూసి వెనక్కి పడ్డాడు.

"అన్నా! ఎక్కొస్తున్నాయి!"

ఎలుగు ఒళ్ళు, మనిషి ముఖం ఉన్న గుహచరులు. నెత్తురు కళ్ళు, కొడవళ్ళలాంటి గోళ్ళు. రాత్రి తెగిన పాత వంతెన ఈ గట్టు నుంచే లోయలోకి నిచ్చెనలా వేలాడుతోంది. దబ్బకు దబ్బ పట్టుకుని బిలబిలమంటూ ఎక్కివస్తున్నాయి. అయ్యలు బాణం మీద బాణం వదిలాడు. ఒకటి పడితే పది వస్తున్నాయి. ముందున్నదాని ఊపిరి వేడి గట్టుమీదికే తగులుతోంది.

"పాత వంతెన కోసెయ్!" అన్నాడు రేచన.

చెంగల్వ పాత ముడి దగ్గరికి దూకి కొడవలి వేసింది. ఒక పేట టప్పున తెగింది. రెండోదీ తెగింది. మూడోదాని మీద కొడవలి ఎత్తేసరికి బుక్కన పులిలా దూకి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దే! తల్లిపేట మీద ఇనుము పెట్టకూడదు!"

"వదులు తాతా! వచ్చేస్తున్నాయి!"

"చచ్చినా సరే! కంబళి తీసుకున్ననాడు ఒట్టేశాను. ఏ ముడిపెద్దా దానిమీద ఇనుము పెట్టడు!"

పెనుగులాటలో కొడవలి రాళ్ళమీద పడింది. మొదటి గుహచరుడి గోరు గట్టు అంచున దిగింది. తిప్పడు బండరాయి ఎత్తి దాని నెత్తిన వేశాడు. ఆ బరువంతా కింది వాటి మీద పడి, తాడు ఒక్క కుదుపు కుదిపింది. ఒంటరిగా మిగిలిన మూడో పేట కీచుమంటూ సాగి, పురి విడిపోయి, ఫటేలుమని తెగింది. పాత వంతెన గుహచరులతో సహా గుండెలవిసే ఆర్తనాదంతో లోయలోకి కుప్పకూలింది. చాలాసేపటి వరకూ కింద చప్పుడు ఆగలేదు.

రేచన వంగి, ముడికి మిగిలిపోయిన తాడు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. రెండు పేటలు నున్నగా తెగి ఉన్నాయి. మూడోది పీచులు పీచులుగా, చిక్కుపడ్డ జుట్టులా ఉంది.

అతను దాన్ని ఎవరికీ చూపించాల్సిన అవసరం లేకపోయింది. పొద్దున కట్టుబండ దగ్గర ఉన్నవాళ్ళే అందరూ. అయ్యలు చేతిలో విల్లు కిందికి దిగింది.

"ఆ ఒట్టు సంగతి మాకెవరికీ తెలియదు తాతా," అన్నాడు రేచన. "విప్పి నేర్చుకున్న విద్య కదా మాది. ముడి తెలిసింది గానీ ఒట్టు తెలియలేదు. మాలో ఎవరు కోసినా మూడు పేటలూ కోసేవాళ్ళం."

కోట ముంగిట గొలుసు చప్పుడైంది. యువరాజు పీఠం వైపు బురుజు నీడ పాకుతోంది. పాదానికి ఇక నాలుగు బారలే ఎడం. రాతితలుపు వెనక గడియలు ఒకటొకటిగా ఊడుతున్నాయి.

"ఎందుకు?" అంది చెంగల్వ. మణికట్టు మీద ముసలాయన వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "ఆ మాంత్రికుడు నీకేం ఆశ పెట్టాడు?"

బుక్కన నడుము నిటారుగా నిలిపాడు.

"మాంత్రికుడా? వాడి మొహం కూడా నేను చూడలేదు. కోసింది నేను. నా అంతట నేను, నా బుద్ధితో కోశాను. రెండు వానాకాలాలుగా నా వేళ్ళలో మూడింటికి స్పర్శ లేదు. అటువైపు ముడి ఎలాగో కుదిరింది. ఇటువైపు కుదరలేదు. నాకు తెలిసే వదిలేశాను, ఎవరూ కనిపెట్టరులే అని. మొన్న సాయంత్రం నువ్వు వచ్చావు. చుట్టూ చూశావు. నా ముడి విప్పి, మళ్ళీ కట్టి, మట్టి రాసి, పాత ముడిలా చేసి వెళ్ళిపోయావు. నేను పొదల్లోంచి చూస్తూనే ఉన్నాను. నువ్వు నలుగురినీ పిలిచి నవ్వి ఉంటే భరించేవాణ్ణి తల్లీ. నాయకుడికి చాడీ చెప్పినా భరించేవాణ్ణి. నన్ను కాపాడావు చూడు, అది భరించలేకపోయాను. యాభై ఏళ్ళు కంబళి కింద దాచుకున్నదాన్ని ఒక వంటపిల్ల దయతలిచి సరిదిద్దింది! వంతెన పడిపోతే, నా ముడిని ఈ పిల్ల విప్పి కట్టింది, అందుకే జారిందని చెబుదామనుకున్నాను. పొద్దువాలేలోగా మళ్ళీ నేనే కట్టి యువరాజును తెద్దామనుకున్నాను. పేటలు తెగిన కుదుపుకు నా ముడైతే తాడు మొదలుతో సహా లోయలోకి జారిపోయేది, గాటు ఎవరికీ కనపడేది కాదు. నీ ముడి నా గాటును బండకు కట్టి పట్టుకుంది. ఈ పిల్ల నాకన్నా బాగా కడుతుంది నాయకా. ఆ మాట అనడానికి నాకు ఇప్పటికీ నోరు మండుతోంది. తప్పైందని కాళ్ళు పట్టుకోను. మళ్ళీ అదే రాత్రి, అదే తాడు, అదే కత్తి నా ముందు పెడితే కోయనని ఒట్టు వేయలేను. అందుకే చెబుతున్నా. ఆ తలుపు తెరుచుకోగానే నన్ను అందరికంటే ముందు నడిపించు. వెనక తాడు దగ్గర మాత్రం ఉంచకు."